చంకలో గడ్డ తగిలితే: తడిమి చూసుకోవడం నుంచి ముక్క పరీక్ష దాకా

స్నానం చేస్తూ సబ్బు రుద్దుకుంటున్నప్పుడో, చొక్కా తొడుక్కోబోతూ చెయ్యి ఎత్తినప్పుడో చంకలో శనగగింజంత గడ్డ ఒకటి వేలికి తగులుతుంది. నిన్నటిదాకా లేదనే అనిపిస్తుంది గానీ, చంకను పనిగట్టుకుని తడిమి చూసుకునే అలవాటు చాలామందికి ఉండదు కనుక అది ఎన్నాళ్ల నుంచి ఉందో నిజానికి తెలియదు. ఆ రాత్రే దానికి క్యాన్సర్ అని పేరు పెట్టేసుకుని నిద్ర పోగొట్టుకునేవారు కొందరైతే, నొప్పి లేదు గదా అని నెలల తరబడి దాని ఊసే ఎత్తనివారు మరికొందరు. ఈ రెండో బాపతు వారికే నష్టం ఎక్కువ. చంకలో వచ్చే గడ్డల్లో నొప్పిపెట్టేవి చాలావరకు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చి దానితోపాటే తగ్గిపోతాయి. నొప్పి లేకుండా, గట్టిగా, నెమ్మదిగా పెరిగే గడ్డనే డాక్టరుకు ముందుగా చూపించాలి. నొప్పిని కొలబద్దగా పెట్టుకుంటే పొరపాటు పడతాం.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. ఆ గడ్డ ఏమిటో మీ వేళ్లతో మీరు తేల్చలేరు. అనుభవమున్న డాక్టరు వేళ్లు కూడా చాలాసార్లు తేల్చలేవు. మీ చేతిలో ఉన్న పనులు రెండు: దాని గురించి సరైన వివరాలు కూడగట్టుకోవడం, పరీక్షలు జరిగేలోపు దాని ఆనవాళ్లు చెడిపోకుండా చూసుకోవడం.

చంకలో ఏముంటాయి

పైన చర్మం, వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు. లోపల కొవ్వు, చేతికి వెళ్లే రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఆ కొవ్వులో పొదిగినట్టుగా 20 నుంచి 30 దాకా, కొందరిలో ఇంకా ఎక్కువగా, లింఫు గ్రంథులు ఉంటాయి. వేళ్ల కొనల నుంచి భుజం దాకా చెయ్యి మొత్తం, అదే పక్కనున్న రొమ్ము, ఛాతీ గోడ, వీపు పైభాగం, ఇంత మేర నుంచి వచ్చే లింఫు ద్రవం ఈ గ్రంథుల్లోకి చేరి వడపోతకు గురవుతుంది. రొమ్ము నుంచి వచ్చే ద్రవంలో సుమారు మూడు వంతుల పైన, అంటే 75 శాతానికి తగ్గకుండా, చంకకే చేరుతుంది.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టిందని అంటారు. చేతికి దెబ్బ తగిలినప్పుడు చంకలో బిళ్ల కట్టడం కూడా అలాంటిదే. ఆ మాట పుట్టించినవారికి లింఫు గ్రంథుల సంగతి తెలియకపోయి ఉండవచ్చు గానీ, బిళ్ల ఒకచోట, దాని కారణం మరొకచోట ఉంటుందన్న అసలు విషయం వారికి బాగానే తెలుసు. చంకలో గడ్డ తగిలినప్పుడు దాన్నే పట్టుకుని కూర్చోకుండా, అది కాపలా కాసే ప్రాంతమంతా వెతకాలని చెప్పడం కూడా అందుకే.

తడిమి చూసుకునే పద్ధతి

చాలామంది చేసే పొరపాటు చేతిని తల మీదికి ఎత్తి చూసుకోవడం. చెయ్యి పైకెత్తితే చంక అడుగున ఉండే పొర, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని లోపలి గ్రంథులు వేలికి అందకుండా పోతాయి. కుర్చీలో కూర్చుని, చూడవలసిన పక్క ముంజేతిని బల్ల మీద వదులుగా ఆనించండి. భుజం బరువంతా బల్లకు వదిలేయాలి. రెండో చేతి మూడు వేళ్లను దగ్గరగా చేర్చి, కొనలతో కాకుండా వేళ్ల మెత్తని భాగంతో, చంకలోకి ఎంత పైకి పోతే అంత పైకి పోనివ్వండి. అక్కడి నుంచి పక్కటెముకల మీదికి మెత్తగా అదిమి, కిందికి జార్చండి. ఏదైనా గ్రంథి ఉంటే అది వేళ్లకూ ఎముకకూ మధ్య చిక్కి, చిన్న గోళీలాగా జారిపోతుంది. తర్వాత ముందు మడతను బొటనవేలికీ మిగతా వేళ్లకూ నడుమ పట్టి చూడాలి, ఆపైన వెనక మడతను, చివరగా పైచేతి లోపలి అంచును. చేతికి సబ్బు నురగో కాస్త నూనెగానీ ఉంటే వేలు సాఫీగా జరుగుతుంది.

రెండో చంకను కూడా ఇలాగే చూడటం మరిచిపోవద్దు. పక్కటెముక గట్టు, కండరం అంచు, కొవ్వు ముద్ద కొత్తగా తడిమేవారికి గడ్డల్లాగే తోస్తాయి. అదే ఆకారం అదే చోట రెండు పక్కలా ఉంటే అది మీ శరీర నిర్మాణమే అయ్యే అవకాశం ఎక్కువ. బక్కపలచని మనుషుల్లోనూ, పిల్లల్లోనూ ఆరోగ్యంగా ఉన్న గ్రంథులు కూడా చేతికి తగులుతుంటాయి. సాధారణంగా 1 సెంటీమీటరు లోపు, మెత్తగా, కదిలే గ్రంథి ఒకటి రెండు తగిలితే కంగారుపడనక్కరలేదు.

తగిలినదాని మీద దృష్టి పెట్టినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి. చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగితే గడ్డ చర్మంతోపాటు వస్తోందా, చర్మం విడిగా జరిగి గడ్డ లోపలే ఉండిపోతోందా? చర్మంతో వస్తే అది చర్మానికి సంబంధించినదే కావచ్చు. వేలితో అటూ ఇటూ నెడితే కదులుతోందా, లోపల పాతుకుపోయినట్టు ఉందా? ఒకటేనా, నాలుగైదు కలిసి గుత్తిలా ఉన్నాయా? మెత్తగా ఉందా, రబ్బరులా ఉందా, రాయిలా ఉందా? చూసిన తేదీ, ఏ పక్క, స్కేలు పెట్టి చూస్తే సుమారు ఎంత, ఇవి ఆ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ తర్వాత వారానికి ఒకసారి మించి ముట్టుకోవద్దు. రోజుకు పదిసార్లు నొక్కి చూసుకునేవారికి గడ్డ నిజంగానే నొప్పిపెట్టడం మొదలవుతుంది, ఆ నొప్పితో భయం ఇంకా పెరుగుతుంది.

గడ్డ చుట్టూ వెతకడం

మొదట చెయ్యి. గోరు పక్కన చర్మం చీలిన గాటు, ముల్లు గుచ్చుకున్న చోటు, కాలిన బొబ్బ, మానుతున్న పుండు, ఇలాంటివి ఏవైనా ఉన్నాయేమో వేలు వేలునా చూడాలి. బొటనవేలి గోరు మూల వాచి, రెండు మూడు రోజులకు చంకలో నొప్పితో బిళ్ల కట్టి, వేలు మానిన కొన్నాళ్లకు బిళ్ల కూడా కరగడం మామూలుగా జరిగేదే. వేలి వాపు తగ్గిందని సంతోషించి, బిళ్ల ఇంకా ఉందేమిటని బెంగపడటం అనవసరం. గ్రంథి మామూలు పరిమాణానికి రావడానికి పుండు మానడం కంటే ఎక్కువ కాలం, ఒక్కోసారి కొన్ని వారాలు, పడుతుంది.

పిల్లి గీరిందేమో గుర్తు తెచ్చుకోండి. బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా ఆ గీత ద్వారా లోపలికి వెళితే, గీత దాదాపు మానిపోయాక, అంటే 1 నుంచి 3 వారాల తర్వాత, చంకలో గ్రంథి ఉబ్బుతుంది. అప్పటికి పిల్లి సంగతి మనం మరిచిపోయి ఉంటాం, డాక్టరు అడిగినా గుర్తుకు రాదు. టీకాలు కూడా ఈ జాబితాలోవే. కోవిడ్ టీకా తర్వాత వేయించుకున్న చేతి పక్కనే చంకలో గ్రంథులు ఉబ్బి, స్కానింగ్‌లో కనబడి చాలామందిని కలవరపెట్టాయి. అవి చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గాయి. పసిబిడ్డల్లో బీసీజీ టీకా వేసిన పక్కన చంకలో గ్రంథి ఉబ్బడం కూడా తెలిసిన సంగతే. కాబట్టి గత రెండు మూడు నెలల్లో ఏ టీకా, ఏ తేదీన, ఏ చేతికి వేయించుకున్నారో రాసుకోవాలి.

తర్వాత రొమ్ము. ఇది స్త్రీలకు మాత్రమే చెప్పే మాట కాదు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 100కి ఒకటి పురుషుల్లో వస్తుంది, తమకు రాదన్న ధీమా వల్ల వారు ఆలస్యంగా చూపించుకుంటారు. రొమ్ములో గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తంతో కూడిన స్రావం, చర్మం మీద సొట్ట, నారింజ తొక్కలా గరుకుదనం, వీటిలో ఏది కనబడినా వాయిదా వేయకూడదు. రొమ్ములో ఏమీ తగలనంత మాత్రాన ఆ అనుమానం తీరిపోయినట్టు కూడా కాదు. అరుదుగానైనా రొమ్ము క్యాన్సర్ మొదట చంకలోనే బయటపడుతుంది. చివరగా వీపు పైభాగం, భుజం మీదున్న పుట్టుమచ్చల్లో ఏదైనా ఈమధ్య రంగు, ఆకారం మారిందేమో ఇంట్లో మరొకరిని చూడమనండి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ చంకకు పాకే దారి అదే.

లింఫు గ్రంథి కానివి

చంకలో తగిలేదంతా బిళ్ల కాదు. గొరిగినప్పుడు తెగిన కుదురు చీము పట్టి సెగ్గడ్డ అవుతుంది. అది ఎర్రగా, వేడిగా, సలుపుతూ ఉండి తనను తానే చాటుకుంటుంది. చర్మం కింద మెత్తగా, వేలికింద జారే కొవ్వు గడ్డ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మధ్యలో నల్లని చుక్కతో ఉండే తిత్తి కూడా అపాయం లేనిదే. స్త్రీలలో కొందరికి పుట్టుకతోనే చంకలో కాస్త రొమ్ము కణజాలం ఉంటుంది. బహిష్టు ముందు, గర్భంతో ఉన్నప్పుడు, బిడ్డకు పాలిచ్చే రోజుల్లో అది ఉబ్బి నొప్పిపెట్టి, తర్వాత తగ్గుతుంది. నెలసరితోపాటు గడ్డ పెరిగి తగ్గుతున్నట్టయితే ఆ తేదీలు కూడా రాసి ఉంచితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

వీటిలో కాస్త ఆగి చెప్పుకోవలసింది హైడ్రాడెనైటిస్ సప్పురేటివా. యుక్తవయసు తర్వాత మొదలై, సెగ్గడ్డలు పదేపదే అదే చోట లేచి, పగిలి, మచ్చలు కట్టి, చర్మం కింద సొరంగాల్లా కలిసిపోయే జబ్బు ఇది. గజ్జల్లోనూ ఇలాగే రావచ్చు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందని చుట్టుపక్కలవారు అనడం, ఆ సిగ్గుతో రోగి ఏళ్లకు ఏళ్లు దాచుకోవడం అన్యాయం. ఇది వెంట్రుకల కుదుళ్లు మూసుకుపోయి వాపు పుట్టడం వల్ల వచ్చేదే తప్ప మురికి వల్ల వచ్చేది కాదు. ఏడాదిలో రెండు మూడుసార్లు చంకలో సెగ్గడ్డ వచ్చిందంటే ఒక్కోదాన్ని విడిగా కోయించుకుంటూ పోకుండా చర్మవ్యాధి నిపుణునికి చూపించాలి. పొగ మానడం, బరువు తగ్గడం దీని చికిత్సలో భాగాలు.

ఎన్నాళ్లు ఆగవచ్చు

కారణం కనబడుతూ ఉండి, గడ్డ చిన్నదై, కదులుతూ, మీరు మిగతా అన్ని విధాలా బాగుంటే, రెండు వారాలు చూడవచ్చు. తగ్గుతుంటే మరో రెండు వారాలు. నాలుగు వారాలకీ తగ్గకపోయినా, ఈలోపే పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కారణమేదీ కనబడని గడ్డకు ఈ వెసులుబాటు ఇవ్వకుండా, వారం పది రోజుల్లోనే చూపించడం మేలని నా అభిప్రాయం. డాక్టరు పరీక్షించి కొన్నాళ్లు ఆగుదామన్నా నష్టం లేదు, అప్పటి కొలత ఆయన కాగితాల్లో ఉండిపోతుంది.

ఈ కిందివాటిలో ఏది ఉన్నా అసలు ఆగవద్దు: గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, 2 సెంటీమీటర్లు మించడం, మెడ కింద కాలర్ ఎముక పైన కూడా గడ్డ తగలడం, గజ్జల్లోనూ మెడలోనూ బిళ్లలు కనబడటం, రాత్రిపూట పక్కబట్టలు తడిసేంత చెమట, 38 డిగ్రీల సెల్సియస్ మించిన జ్వరం వస్తూ పోతూ ఉండటం, ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే బరువులో పదో వంతు తగ్గడం, ఆ పక్క చెయ్యి వాచడం లేదా తిమ్మిరెక్కడం, ఇంతకుముందు ఏదైనా క్యాన్సర్‌కు చికిత్స జరిగి ఉండటం. ఇక గడ్డ నుంచి చర్మం మీద ఎర్రదనం గంటల వ్యవధిలో పాకుతున్నా, చేతి మీద ఎర్రని చార పైకి ఎగబాకుతున్నా, చలితో వణుకుతూ జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవారైతే మరీ. గడ్డ గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ ఉంటే అది రక్తనాళం ఉబ్బు కావచ్చు, దాన్ని గుచ్చే సాహసం ఎవరూ చేయకూడదు.

ఆనవాళ్లు చెరపకుండా ఉండటం

పిండటం, కాల్చిన సూదితో గుచ్చడం, బ్లేడుతో గాటు పెట్టడం ఏవీ చేయవద్దు. చీము పట్టిన గడ్డను కోసి చీము తీయవలసిందే, అయితే ఆ పని శుభ్రమైన పరికరాలతో డాక్టరు చేయాలి. చంకలో చర్మం కింద కొద్ది లోతులోనే పెద్ద రక్తనాళాలు, నరాలు ఉంటాయి. వెచ్చని గుడ్డతో కాపడం పెట్టుకోవచ్చు. గొరగడం, చెమట వాసన ఆపే పూతలు కొన్నాళ్లు మానితే చర్మపు మంట తగ్గుతుంది. ఆ పూతల వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారానికి రుజువు మాత్రం లేదు.

మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే మాత్రల వల్ల జరిగే నష్టం చాలామందికి తెలియదు. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వేసుకుంటే లింఫోమా (లింఫు కణాల్లో పుట్టే క్యాన్సర్) గడ్డ కూడా కొన్నాళ్లు కరిగిపోయినట్టు కనబడుతుంది. ఆ సమయంలో ముక్క తీసి చూసినా మైక్రోస్కోపు కింద జబ్బు ఆనవాలు దొరక్కపోవచ్చు, గడ్డ తిరిగి లేచేసరికి నెలలు గడిచిపోతాయి. లెవోఫ్లాక్సాసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయ క్రిముల మీద కూడా కొంత పనిచేస్తాయి కనుక, క్షయ వల్ల ఉబ్బిన బిళ్లను పైపైన అణచి, పరీక్షలో దొరక్కుండా చేయగలవు. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా ఆ మందు పేరు, ఎన్ని రోజులు వాడారో చెప్పండి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కూడా కొందరిలో గ్రంథులను ఉబ్బిస్తుంది, కాబట్టి రోజూ వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. అలాగని ఏ మందునూ మీ అంతట మీరు మానేయకూడదు.

డాక్టరు దగ్గర

మొదట జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లవచ్చు, రొమ్ములో కూడా ఏదైనా తేడా ఉంటే నేరుగా సర్జన్‌కు చూపించడం మంచిది. చంక చూపించడానికి మొహమాటపడేవారు చేతులు సులభంగా తీయగల వదులు దుస్తులు వేసుకుని, తోడుగా ఒకరిని తీసుకెళితే సరిపోతుంది. డాక్టరు రెండు చంకలు, మెడ, కాలర్ ఎముక పైభాగం, గజ్జలు, పొట్టలో ప్లీహం, చేతులు, రొమ్ములు చూడాలి. గడ్డను మాత్రం ఒక్క క్షణం నొక్కి చీటీ రాసేస్తే, మిగతాచోట్ల కూడా చూడమని అడగటం అమర్యాద కాదు.

పరీక్షల్లో మొదటిది ఎక్కువగా అల్ట్రాసౌండ్ స్కానింగే. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. ఆరోగ్యమైన గ్రంథి చిక్కుడు గింజ ఆకారంలో ఉండి మధ్యలో తెల్లని కొవ్వు భాగంతో కనబడుతుంది. ఆ కొవ్వు మాయమై గ్రంథి గుండ్రంగా మారినా, దాని పై పొర 3 మిల్లీమీటర్లకు మించి మందమైనా అనుమానించి ముందుకు వెళతారు. 40 దాటిన స్త్రీలకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా తీస్తారు. ఆ రోజు చంకకు పౌడరుగానీ చెమట ఆపే పూతగానీ రాయకూడదు. అందులోని అల్యూమినియం రేణువులు ఫిల్ములో కాల్షియం చుక్కల్లా కనబడి లేనిపోని అనుమానం పుట్టిస్తాయి. పరిస్థితిని బట్టి రక్తకణాల లెక్క, హెచ్‌ఐవీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా రాస్తారు. హెచ్‌ఐవీ పేరు వినగానే నొచ్చుకోవద్దు, గ్రంథులు ఉబ్బడానికి అదీ ఒక కారణం గనుకనే అడుగుతారు.

స్కానింగ్‌లో అనుమానం మిగిలితే సూది పరీక్ష లేదా ముక్క పరీక్ష చేస్తారు. సన్నని సూదితో కొన్ని కణాలను మాత్రమే లాగడం మొదటిది. కాస్త లావు సూదితో సన్నని దారంలాంటి ముక్కలు తీయడం రెండోది, దీనినే కోర్ బయాప్సీ అంటారు. కోర్ బయాప్సీలో చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్ తెర మీద సూది కొనను చూస్తూ పరికరాన్ని వదులుతారు. అప్పుడు టక్కుమని పెద్ద చప్పుడవుతుంది. ముందే చెప్పకపోతే ఆ చప్పుడుకే మనిషి ఉలిక్కిపడి కదులుతాడు, కాబట్టి ఒకసారి వినిపించమని అడగండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నట్టయితే తేదీ ఖాయం చేసుకునేటప్పుడే చెప్పాలి. సూదితో గడ్డను గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయంతో పరీక్ష వద్దనేవారు ఉన్నారు. ఆ భయంతో పరీక్షను వాయిదా వేస్తే పోయే కాలమే అసలు నష్టం. లింఫోమా అనుమానం బలంగా ఉన్నప్పుడు, జబ్బు రకం స్పష్టంగా తెలియడానికి గ్రంథిని మొత్తంగా తీసి పంపుతారు. ఆ తర్వాత పైచేతి లోపలి వైపు కొంత మేర మొద్దుబారడం కొందరిలో ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న సీసా గురించి చెప్పాలి. తీసిన ముక్కను మామూలుగా ఫార్మలిన్ ద్రవంలో వేసి పంపుతారు. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో క్రిములు చచ్చిపోతాయి, కనుక దానితో క్షయ కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయడం కుదరదు. క్షయ అనుమానం ఏమాత్రం ఉన్నా కొంత భాగాన్ని సెలైన్ ఉన్న వేరే సీసాలో వేసి కల్చర్‌కు, జీన్‌ఎక్స్‌పర్ట్ (క్షయ క్రిమి జన్యువును వెతికే) పరీక్షకు పంపాలి. ముక్క తీయక ముందే, “కల్చర్‌కు కూడా పంపుతున్నారా?” అని అడిగితే చాలు. ముక్క ఒకే సీసాలో పడిపోయాక అడిగి లాభం లేదు, మళ్లీ సూది వేయించుకోవలసి వస్తుంది.

ఫలితం వచ్చాక

ఊరికే ఉబ్బిన గ్రంథి అని రిపోర్టు వస్తే, మళ్లీ ఎప్పుడు చూపించాలో తేదీ అడిగి రాయించుకోండి. క్షయ అని తేలితే చికిత్స సాధారణంగా 6 నెలలు సాగుతుంది. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు బిళ్ల తగ్గకపోగా ఇంకా ఉబ్బడం, కొత్తది లేవడం జరగవచ్చు. ఇది శరీరం ఎదురుతిరిగే తీరులో భాగం కావచ్చు కనుక మందులు పనిచేయడం లేదని మీరే మానేయకుండా డాక్టరుకు చూపించాలి. క్యాన్సర్ కణాలున్నాయని వస్తే ఆ ఒక్క మాట చాలదు. ఎక్కడ పుట్టిన క్యాన్సర్, ఏ రకం అన్నది తేలడానికి అదే ముక్క మీద మరికొన్ని రంగు పరీక్షలు చేస్తారు, వాటికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఆత్రం పట్టలేక చికిత్స మొదలుపెట్టమని డాక్టరు మీద ఒత్తిడి తేవడం తగదు, మందు ఎంపిక ఆ రకాన్ని బట్టే ఉంటుంది.

రిపోర్టు మంచిదే వచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటే, సూది సరైన చోట పడలేదేమోనని అనుమానించి మళ్లీ వెళ్లాలి. రెండో డాక్టరు అభిప్రాయం కోసం వెళ్లేవారు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళితే ఆయన చూడగలిగింది ఏమీ ఉండదు. గాజు స్లైడ్లు, ముక్కను మైనంలో పోసి దాచిన బ్లాకు ల్యాబులో ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి వాటిని తీసుకుని, పగలకుండా గట్టి డబ్బాలో పెట్టి, ఎండ వేడికి బ్లాకు కరగని చోట ఉంచి తీసుకెళ్లాలి. పని అయ్యాక బ్లాకును తిరిగి తెచ్చుకోవడం మరువకూడదు, ముందుముందు ఏ కొత్త పరీక్ష అవసరమైనా దాని మీదే చేస్తారు.